అరవై దాటితే ఆకుపచ్చ

బరంపురం లంజిపల్లి వీధుల్లో కానాగంత చేపలు అమ్ముకుని గురువమ్మ పల్లెకు తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. చావు కబురుకు తప్ప ఆ వేళప్పుడు ఎవరూ ఎవరింటికీ రారు. ఖాళీ గంప దించి, తల మీది చుట్టకుదురు అందులో పడేసి, ఆవిడ లోపలికి తొంగిచూసింది. కోడలు రింకి వంటింటి గడప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కొడుకు పింటు ఫోను పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. పక్కింటి తవిటమ్మ, వరసకు గురువమ్మకు ఆడపడుచు, గది మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటయినాది?"

"ఏటవుద్ది వదినా! నీ కోడలికి గుండె సెడిపోనాది," అంది తవిటమ్మ. "ఇప్పుడు సెడిపోవడం కాదు. సెడిపోయిన గుండెనే మనకి కట్టబెట్టినారు. పెళ్ళయి ఏడాది నిండనేదు, అప్పుడే ఎలాగ పాడవుద్ది? పొద్దున్న కొన్న సేప మధ్యాన్నానికే కంపు కొట్టిందంటే అది నిన్నటి సేప కాదేటి?"

"సేపల సంగతి నాకు సెప్పకే తవిటీ," అని గురువమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏట్రా ఇది?"

పింటు ఫోను చూపించాడు. తుపాను షెల్టరులో కిందటి వారం తీసిన గుండె పరీక్ష ఫలితాలు. తెర మీద రెండు గుండె బొమ్మలు ఉన్నాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. వాటి కింది ఒడియా అక్షరాలను పింటు కూడబలుక్కుంటూ చదివాడు. ఆకుపచ్చ గుండె గురువమ్మది. వయసుకు తగినట్టే ఉంది, ఏడాది తర్వాత మళ్ళీ చూపించుకోవచ్చు. ఎర్ర గుండె రింకిది. ప్రమాదం చాలా ఎక్కువ, వెంటనే బరంపురం ఆస్పత్రికి రావాలి.

గురువమ్మ కోడలి వైపు చూసింది. రింకి ఒక్కసారి కళ్ళెత్తి అత్తను చూసి, మళ్ళీ నేలకేసి చూసింది. ఆ గదిలో వాళ్ళిద్దరికి మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. ఆ రెండు బొమ్మలూ ఒకే గుండెవి. రెండూ గురువమ్మ గుండెవే.

కిందటి వారం బరంపురం పెద్దాస్పత్రి వాళ్ళు మైకు పెట్టి మరీ చెప్పారు. ఇది మామూలు గుండె గీతల పరీక్ష కాదు, లక్షల మంది గుండెలు చదివిన మిషను, రాబోయే ప్రమాదాన్ని ముందే చెప్పేస్తుంది, పైసా ఇవ్వక్కర్లేదు అని. షెల్టరు మేడ మీద రెండు బల్లలు కలిపి పడక చేశారు. తాడు మీద ఒక చీర వేలాడదీసి తెర అన్నారు. ఆ చీర గోడదాకా అందలేదు. మిగిలిన సందులోంచి మెట్ల మీద పేకాడుతున్న మగాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి. వీపులు ఎంతసేపు వీపులుగా ఉంటాయి?

పరీక్ష చేసేవాడు మనీష్. పాతికేళ్ళ కుర్రాడు, మాట ఒడియా, నాలుగు తెలుగు ముక్కలు వచ్చు. గురువమ్మ పడుకుంది. అతను ఛాతీ మీద చల్లటి బిళ్ళలు అతికించాడు, తీగలు తగిలించాడు, మీట నొక్కాడు. ఆవిడకు నొప్పేమీ తెలియలేదు. తర్వాత రింకి వంతు వచ్చింది. ఆ పిల్ల జాకెట్టు హుక్కు మీద చెయ్యి వేసి, అలాగే బిగుసుకుపోయింది. మెడ ఎర్రబడింది. అత్త కొంగు పట్టుకుని, "నావల్ల కాదత్తా, ఇంటికి ఎల్లిపోదుము," అంది. అప్పటికే దాని కళ్ళలో నీళ్ళు.

"జల్దీ, జల్దీ," అన్నాడు మనీష్. సాయంత్రంలోగా పల్లె మొత్తం అయిపోవాలని వాడికి పైనుంచి ఒత్తిడి.

గురువమ్మకు జాలేసింది. ఆవిడ కోడలిగా వచ్చిన రోజుల్లో పీతల గుంటల దగ్గర స్నానానికి వెళ్తే, వాళ్ళత్త చీర పరిచి పట్టుకుని నిలబడేది. కోడలి సిగ్గు అత్త కాయాలి. అది ఎవరూ నేర్పిన మాట కాదు, ఆ ఇళ్ళలో గాలిలా ఉండే మాట.

"నువ్వు కూకోయే," అంది. "దీని బదులు నన్నే మళ్ళీ తియ్యి బాబూ. ముసల్దాని రొమ్ముకి సిగ్గేటి? ఎవడు సూస్తే ఏటి?"

మనీష్ నవ్వాడు. "హఉ, హఉ మావుసీ," అన్నాడు, సరే పిన్నీ అని ఒడియాలో. పేరు ఎక్కించడానికి రింకి కార్డు ఉంది, ఏదో ఒక గుండె ఉంది, వాడికి అదే చాలు. బిళ్ళలు ఊడదీయను కూడా లేదు. చేతిలోని పలకలాంటి తెర మీద పేరు మార్చి, వయసు మార్చి, మీట మళ్ళీ నొక్కాడు. మెట్లు దిగుతూ అత్తాకోడళ్ళిద్దరూ నవ్వుకున్నారు కూడా.

ఇప్పుడు ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే అయిపోయేది. "అది నాదిరా" అంటే చాలు. గురువమ్మ అనలేదు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

నీళ్ళు పోసుకుంటుంటే ఆవిడకు తనలో ఇద్దరు మనుషులు కనిపించారు. ఒక మనిషికి భయం. కొన్నాళ్ళుగా గంప తల మీదికి ఎత్తుకుంటున్నప్పుడూ, బస్సు మెట్టు ఎక్కుతున్నప్పుడూ ఎడమ రెక్క వెనక ఎవరో గాలం గుచ్చి లాగినట్టు నొప్పి వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పింటు గంప మాన్పిస్తాడు. గంప లేకపోతే తను ఎవరు? అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను పలకరించే ఒక ముసల్ది. రెండో మనిషికి మాత్రం ఒక రకం సంతోషం. ఎరుపు నా పేరున రాలేదు అన్న సంతోషం. ఆ సంతోషం చూసి మొదటి మనిషికి సిగ్గేసింది. అయినా నోరు తెరవలేదు.

మిషను తిక్కది, ఒకే గుండెకు రెండు రంగులు వేసింది, దాని మాటకు విలువేమిటి అనుకుంది. అలా అనుకున్నంతసేపూ హాయిగా ఉండేది. రాత్రి పక్క మీద ఎడమవైపు తిరిగితే ఆ హాయి పోయేది.

ఇంట్లో మాత్రం ఎరుపు పనిచేయడం మొదలుపెట్టింది. పింటు చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. మొదట పెళ్ళాన్ని బోరింగు దగ్గరికి వెళ్ళనివ్వలేదు, బిందె ఎత్తనివ్వలేదు. తర్వాత దాని పక్కన కూర్చుని తినడం మానేశాడు. దాని నిద్రను చూస్తూ కూర్చునేవాడు, ఊపిరి ఆడుతోందా అని. బతికున్న మనిషిని అలా చూస్తే ఆ మనిషి కొంచెం కొంచెంగా శవమవుతుంది. చివరికి చికిటి అవతల సముద్రపొడ్డున ఉన్న మామగారి ఊరికి ఫోను చేసి, "ఆదివారం రండి, మాట్లాడాలి," అన్నాడు. ఆ 'మాట్లాడాలి'కి అర్థం పల్లెలో అందరికీ తెలుసు.

"మోసగాళ్ళు, వస్తారు వస్తారు," అంది తవిటమ్మ దడి మీంచి. "గుండె నేని పిల్లని ఇచ్చినోళ్ళకి మొగం ఎలాగుంటాదో సూడాల."

"నీ కోడలు నిన్ను ఒగ్గీసి సూరత్తు ఎల్లిపోయినప్పుడు నీ మొగం ఎలాగున్నాదో ముందు అద్దంల సూసుకోయే!" అని అరిచింది గురువమ్మ. తవిటమ్మ మీద కోపం కాదని ఆవిడకు తెలుసు.

కోపం కోడలి మౌనం మీద. ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు, మొగుడితో ఒక్క మాట అనలేదు. అన్నం వడ్డిస్తూ అత్త కంచంలో చేప ముక్క పెద్దది వేసేది. గురువమ్మ నుంచుంటే పీట జరిపేది. ఇది నన్ను కనిపెట్టి ఉంది, నేను ఎప్పుడు చెప్తానా అని చూస్తోంది, తన మంచితనంతో నా గొంతు నొక్కుతోంది అనుకుంది గురువమ్మ. ఒకసారి చేపలు కోస్తూ కత్తిపీట దగ్గరే నిలదీసింది.

"ఏలే, నోట్ల ముద్దెట్టుకున్నావేటి? నీ మొగుడికి సెప్పొచ్చు కదా?"

"ఏటి సెప్పను అత్తా?" అంది రింకి, పొలుసు గీకుతూ. "ఆస్పత్రికి ఎల్దుము ముందు."

శనివారం ముగ్గురూ ఆటోలో బరంపురం వెళ్ళారు. తనెందుకు బయల్దేరుతున్నదీ గురువమ్మకే స్పష్టంగా తెలియదు. ఆటో లంజిపల్లి మలుపు తిరుగుతుంటే, తను రోజూ ఎక్కే గుమ్మాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ఆ గుమ్మాలకు ఈ రోజు తను తెలియనట్టే ఉంది.

డాక్టరు సౌందర్య తెలుగింటి పిల్ల. వాళ్ళమ్మ గురువమ్మ గంపలోంచి ఎప్పుడూ వంజరం చేపే కొంటుంది, తల వేరే కొట్టించుకుంటుంది. గురువమ్మ గుర్తుపట్టింది. ఆమె పట్టలేదు. కంప్యూటరు వైపు చూస్తూనే పింటుతో మాట్లాడింది. "ఇరవై నాలుగేళ్ళకి ఇలాంటి గుండె ఉండకూడదు. రక్తనాళాల్లో అడ్డుందేమో చూడాలి. వెంటనే మందులు మొదలుపెడదాం." తర్వాత రింకిని అడిగింది. "నొప్పేమైనా వస్తుందా?"

"వస్తాదండీ," అంది రింకి.

గురువమ్మ ఉలిక్కిపడింది.

"ఎప్పుడు వస్తుంది? ఎక్కడ?"

"బరువెత్తినప్పుడు. బస్సు మెట్టెక్కినప్పుడు. ఎడమ రెక్క ఎనక, గాలం గుచ్చి లాగినట్టు. అప్పుడు కాసేపు నిలబడిపోయి, కొంగుతో మొగం తుడుసుకున్నట్టు సేస్తే తగ్గిపోతాది." రింకి గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ఎవరిదో పాఠం అప్పజెప్పినట్టు. "ఆ మందులు ఎన్నాళ్ళకి సరిపడా ఇస్తారండీ? ఇంటికాడే ఏసుకోవొచ్చా?"

గురువమ్మకు ఒక్కసారిగా అంతా తెలిసింది. కొంగుతో ముఖం తుడుచుకున్నట్టు చేయడం, అది తన గుట్టు. ఎవరూ చూడలేదనుకుంది. ఈ పిల్ల చూసింది. ఆకుపచ్చ అన్నవాళ్ళకి మందు ఇవ్వరు కాబట్టి, ఎరుపు తన పేరున ఉంచుకుని, మందులు తెచ్చి అత్త చేతిలో పెట్టాలని చూస్తోంది. రేపు తండ్రి వచ్చి తీసుకుపోయినా సరే. పిచ్చిది. తన సిగ్గుకి అత్త పడుకున్నట్టే, అత్త రోగానికి తను నిలబడుతోంది. ఇన్నాళ్ళూ ఆ మౌనంలో తను వెతికింది నింద. అందులో ఉన్నది ఇది.

"కాదు!" అంది గురువమ్మ. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకు డాక్టరు మొదటిసారి తలెత్తింది. "అబద్దం సెప్తంది అది. ఆ నొప్పి దానిది కాదు, నాది. ఆ గుండె నాదే. రెండు గుండెలూ నాయే. షెల్టరులో దాని బదులు నాను పడుకున్నాను."

"అమ్మా!" అన్నాడు పింటు.

"నువ్వాగరా. ఆ బిళ్ళలు అతికించినోణ్ణి పిలవండి."

మనీష్ వచ్చాడు. గురువమ్మను చూసి ముఖం తిప్పుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదన్నాడు ఒడియాలో. అందరివీ సరిగ్గానే తీశానన్నాడు. రింకి అతని వైపు నేరుగా చూస్తూ, ఒడియాలోనే, "బిళ్ళలు ఊడదీయనైనా లేదు కదా అన్నా," అంది. వాడు చేతులు నలుపుకున్నాడు.

డాక్టరుకు కోపం వచ్చింది. కోపం వాడి మీద కాదు. "ఏమిటమ్మా ఇది? ఒకరి బదులు ఒకరు పడుకుంటే మిషన్ ఏం చెప్తుంది? మా రికార్డులన్నీ పాడుచేశారు. ఫ్రీగా చేస్తే ఇంతే. సరే, అమ్మాయికి మళ్ళీ తీయిస్తాను. నీది ఎలాగూ గ్రీనే కదా, నువ్వు బయట కూర్చో."

"కూకుంటాను. ఒక్కటి సెప్పు డాట్రమ్మా. ఒక్కటే గుండె, ఒక్కటే పూట, ఒక్కటే బిళ్ళలు. దాని పేరున ఎర్రగా ఎందుకున్నాది, నా పేరున ఆకుపచ్చగా ఎందుకున్నాది?"

డాక్టరు విసుగ్గానే అయినా నిజాయితీగా చెప్పింది. ఆ మిషను ప్రతి గుండెనీ అదే వయసున్న వాళ్ళ గుండెలతో పోల్చి చూస్తుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్లకు ఆ గీతలు ఉంటే చాలా తేడా. అరవై మూడేళ్ళ మనిషికైతే ఆ మాత్రం మామూలే.

"మామూలే," అంది గురువమ్మ.

ఆ మాట ఆవిడ ఇంతకు ముందు కూడా విన్నది. మొగుడు పైడన్న వల కుట్టుకుంటూ కుట్టుకుంటూ పక్కకు ఒరిగిపోయిన రోజున పల్లె అంతా అదే అంది. వయసైపోయింది, మామూలే అని. వల మీద అతని వేళ్ళు ఇంకా ముడి పట్టుకునే ఉన్నాయి. ఆ రోజు ఆవిడకు ఏడుపు వచ్చింది. కోపం రావాలని తెలియలేదు. ఇప్పుడు వచ్చింది, ఎక్కడో అడుగున ఇన్నేళ్ళు నాని నాని, ఒక్కసారిగా.

"మామూలేటమ్మా? ఏ వయసోళ్ళు ఎంత సావొచ్చో మీ మిషనుకి ఎవులు నేర్పినారు? అదే నొప్పి దానికొస్తే పరిగెత్తుకు రమ్మన్నారు, నాకొస్తే ఏడాది పోయాక రమ్మన్నారు. ఏడాది ఎవులికి? మీకు బుట్టల సేపలు తెస్తాను కదా, ముసల్ది తెచ్చింది కాబట్టి కంపు కొట్టినా మామూలేనని తింటారేటి? తాజాది కాపోతే నా మొగాన కొడతారు!"

"అమ్మా, అరవకు," అన్నాడు పింటు, తలుపు వైపు చూస్తూ. "వయసైపోనాది కదా, కొంచెం అలాగే ఉంటాదిలే."

గురువమ్మ కొడుకు ముఖం చూసింది. వాడు ప్రేమగానే అన్నాడు. అదే ఘోరం. పెళ్ళాం గుండె అనుకున్నన్నాళ్ళు రాత్రిళ్ళు మేలుకుని ఊపిరి లెక్కపెట్టినవాడు, తల్లి గుండె అని తెలియగానే ఒక్కసారి తేలికపడ్డాడు. వాడి భుజాలు దిగడం ఆవిడ కళ్ళారా చూసింది. వాణ్ణి తిట్టబోయి ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చింది. తుపాను షెల్టరు. వేలాడే చీర. తన గొంతు. ముసల్దాని రొమ్ముకి సిగ్గేటి, ఎవడు సూస్తే ఏటి. అందరికంటే ముందు ఆ తీర్పు చెప్పింది తనే. మిషను దాన్ని రంగులోకి మార్చింది, అంతే.

ఆ ఆలోచనతో ఆవిడ కోపం తగ్గలేదు. నిలకడగా మారింది.

"ముందు మీ మావకి ఫోను సెయ్యి," అంది పింటుతో, మామూలు గొంతుతో. "రేపు రావద్దని సెప్పు. పిల్లని మాట అన్నందుకు మనమే ఎల్లి తప్పు ఒప్పుకుందుమని సెప్పు. తవిటికి నాను సెప్పుకుంటాను."

పింటు ఫోను తీసి బయటికి వెళ్ళాడు. రింకి అలాగే కూర్చుంది. దాని ముక్కుపుడక మీద ఒక నీటిబొట్టు ఆగి ఉంది.

"నువ్వు నన్ను సూడమ్మా," అంది గురువమ్మ డాక్టరుతో. "మిషను కాదు, నువ్వు. ఎర్రగా ఒచ్చిన కాయితం ఉన్నాది కదా. నా మొగం పక్కన ఎట్టి సూడు."

సౌందర్య కంప్యూటరులో ఎర్ర గుండెను పక్కకు తోసి, దాని కింద ఉన్న గీతలను తెరిచింది. ముందుకు వంగి చూసింది. కళ్ళజోడు తీసి మళ్ళీ చూసింది. అప్పుడు ఆకుపచ్చ గుండె కింద ఉన్న గీతలను తెరిచి పక్కన పెట్టింది. రెండూ ఒకటే అని ఆమె ముఖమే చెప్పింది.

"నొప్పి ఎన్నాళ్ళనుంచి వస్తోందమ్మా?" అంది. గొంతు మారింది.

"వానలకి ముందునించి."

"మీరివాళ ఇంటికి వెళ్ళొద్దు. మళ్ళీ గీతలు తీయాలి, రక్తం చూడాలి. నేనే చూస్తాను." కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ ముఖం చూసి, "మీరు మా వీధికి వస్తారు కదూ?" అంది.

"రోజూ వస్తాను," అంది గురువమ్మ.

రింకి పరీక్ష నర్సు చేసింది, తలుపు వేసి. గీతలు చూసి సౌందర్య, "బాగుంది," అని మాత్రం అంది. ఏ రంగు వచ్చిందో ఎవరూ అడగలేదు.

గురువమ్మను పక్క గదిలో ఎత్తు మంచం మీద పడుకోబెట్టారు. రింకి తలవైపు నిలబడింది. మంచానికి అటు వరండా, అందులో బెంచీల నిండా జనం. తీగల పెట్టెతో మనీష్ వచ్చాడు. నర్సు ఇంకో గదిలో ఉందట. ఆకుపచ్చ తెరను సగం లాగి వదిలేశాడు. ఆవిడ కళ్ళలోకి చూడకుండా బిళ్ళల కాగితం చించుతూ, "పైట తియ్యండి మావుసీ," అన్నాడు. ఆవిడ కదలకపోయేసరికి, "ముసలివాళ్ళకి ఏమి సిగ్గు?" అన్నాడు. ఆ ముక్కలు వాడికి ఎవరు నేర్పారో ఆవిడకు తెలుసు.

గురువమ్మ పైటను గుండె మీద రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"సిగ్గున్నాది," అంది. "తెర మొత్తం లాగు. నువ్వు బయటికి ఎల్లు. నర్సమ్మ ఒచ్చినదాకా పడుకుంటాను. నాకేటి తొందర నేదు."

వాడు వరండా వైపు, చేతిలోని బిళ్ళల వైపు చూశాడు. తర్వాత పెట్టె అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. రింకి మంచం చుట్టూ వచ్చి తెర అందుకుని లాగింది. వంకరగా ఇరుక్కున్న కొక్కేన్ని విడదీసి మళ్ళీ లాగింది. తెర అంచు గోడకు తగిలేదాకా గురువమ్మ పిడికిలి విప్పలేదు.